అడుగు చిగురు

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను చేసిన ప్రాజెక్టుకి క్రెడిట్లు లేవు, సర్టిఫికెట్టూ లేదు. మా ఊరి చర్చి కోసం చేశాను. మాది ఉద్దానం, సోంపేట వైపు ఒక పల్లె. చర్చిలో కొత్తగా ప్రొజెక్టర్ పెట్టారు. పాస్టర్ గారు ఏ వచనం చెబితే అది టక్కున గోడ మీద కనబడాలి. "నువ్వు సీఎస్ఈ కదా" అన్నారు యూత్ వాళ్లు. మా ఊళ్లో సీఎస్ఈ అంటే ఫోన్ రీచార్జి నుంచి ఆధార్ అప్‌డేట్ దాకా అన్నీ వచ్చిన మనిషి అని అర్థం. ఒప్పుకున్నాను.

తెలుగు ఒక్కటే చూపిస్తే మూడు గంటల పని. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. పాత నిబంధన దాదాపు మొత్తం మొదట రాసింది హీబ్రూలో కదా, అది కూడా పక్కన చూపిస్తే అదిరిపోతుంది అనుకున్నాను. లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ అని 1008 ప్రాంతంలో కైరోలో చేత్తో రాసిన ప్రతి ఒకటి ఉంది. దాని పాఠం మొత్తం ఎవరో పుణ్యాత్ములు టైప్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టారు. దించుకుని, అధ్యాయం నంబరు, వచనం నంబరు పట్టుకుని తెలుగుతో జత చేశాను. 23వ కీర్తనతో టెస్ట్ చేశాను. ఏ క్రైస్తవుడైనా దానితోనే టెస్ట్ చేస్తాడు లెండి. ఆరు వచనాలకి ఆరు వచనాలు. పర్ఫెక్ట్.

మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. "51 పెట్టరా" అంది. తప్పు చేశానని అనిపించిన రోజు తను చదువుకునే కీర్తన అది. పెట్టాను. తెలుగులో 19 వచనాలు, హీబ్రూలో 21. కింద రెండు హీబ్రూ వరసలు దిక్కులేకుండా వేలాడుతున్నాయి. 22 పెట్టాను. తెలుగులో 31, అక్కడ 32. మలాకీ నాలుగో అధ్యాయం నొక్కితే ప్రోగ్రామే పడిపోయింది. హీబ్రూ మలాకీకి నాలుగో అధ్యాయం లేదు.

రెండు రాత్రులు నా కోడ్‌ని తిట్టుకున్నాను. లూపు ఒకటి నుంచి మొదలుపెట్టానా, సున్నా నుంచా అని వంద సార్లు చూశాను. మూడో రోజు తెలిసిందేంటంటే, తప్పు నాది కాదు. ఎవరిదీ కాదు. రెండు పుస్తకాలూ కరెక్టే. కీర్తన పైన చిన్న అక్షరాల్లో ఒక శీర్షిక ఉంటుంది కదా, ఎవరు రాశారు, ఏ సందర్భంలో, ఏ వరసలో పాడాలి అని. మనం దాన్ని వదిలేసి ఆ తరవాత నుంచి లెక్కపెడతాం. యూదులు చాలా కీర్తనల్లో ఆ శీర్షికనే ఒకటో వచనంగా లెక్కపెడతారు. 51కి శీర్షిక పొడుగు, అందుకే రెండు వచనాల తేడా. 23కి అది మొదటి వచనంలోనే కలిసిపోయింది, అందుకే నా టెస్ట్ పాస్ అయింది. మలాకీ సంగతి ఇంకా సింపుల్. మన మూడో అధ్యాయంలో 18, నాలుగులో 6. వాళ్ల మూడో అధ్యాయంలో 24.

ఒక మ్యాపింగ్ టేబుల్ రాసేస్తే అయిపోయేది. రాశాను కూడా. కానీ నా బుర్ర అక్కడితో ఆగలేదు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం చేతిలో పట్టుకు వెళ్తున్న పుస్తకాన్ని ఇంకెవరో కూడా చదువుతున్నారు, వాళ్ల నంబర్లు వాళ్లకున్నాయి, మనకన్నా ముందు నుంచీ చదువుతున్నారు. ఇది నాకు తెలియదని కాదు. తెలుసు. కానీ ఎర్రర్ మెసేజ్ లాగా ఎదురుగా వచ్చి నిలబడలేదు, అంతే.

ఇక్కడ నా తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. బైబిల్ తెలుగు నాకు సగం సగమే అర్థమయ్యేది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇశ్రాయేలీయులు మందసం మోసుకెళ్లారని చెబితే, మా ఊరికి దగ్గర్లో ఉన్న మందస అనుకున్నాను. అంత ఊరుని భుజాల మీద ఎలా మోశారో, మరి కోవా కొట్లు ఏమయ్యాయో అని చాన్నాళ్లు బెంగ. మందసం అంటే పెట్టె అని తొమ్మిదో తరగతిలో తెలిసింది. పులియని రొట్టె అంటే పులి తినని రొట్టె అనుకున్నవాడు మా బాబాయి కొడుకు, ఆ గొప్ప నాది కాదు.

ఈ బైబిల్ తెలుగు పుట్టింది కూడా మన వైపే. లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. వాళ్లతో కలిసి ఆనందరాయర్ అనే, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఒకాయన అనువాదానికి కూర్చున్నాడు. సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యేటప్పటికి ఆ ఇద్దరు దొరలూ బతికి లేరు. తరవాత పాత నిబంధన మీద హే, వార్డ్‌లా అనేవాళ్లు పనిచేసింది కూడా విశాఖలోనే. వాళ్లు యాజకుడు, నైవేద్యం, ప్రాయశ్చిత్తం అని గుడి మాటలు తెచ్చి వాడారు. మరి కొన్ని మాటల్ని తెలుగు చెయ్యకుండా అలాగే వదిలేశారు. ఆమేన్, హల్లెలూయ, పస్కా, సెలా, కెరూబు. మా చర్చిలో అక్షరం రాని ముసలమ్మలు కూడా వారానికి నలభై సార్లు హీబ్రూ మాట్లాడుతున్నారన్న మాట. పేర్లు చూస్తే ఇంకా నవ్వొస్తుంది. యాకోబు, సమూయేలు, రూతు, ఎస్తేరు. మా హాజరు పట్టీ చూసి ఎవరైనా యెరూషలేము అనుకోవచ్చు.

నిజం చెప్పాలంటే ఈ చదువు నేను మంచి ఉద్దేశంతో మొదలుపెట్టలేదు. హాస్టల్లో నా రూమ్మేట్ ఒకసారి అన్నాడు, "మీది ఇంగ్లీషోళ్ల మతం కదరా" అని. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే, పప్పు వడ్డించుకుంటూ. నాకు జవాబు రాలేదు. మా వైపు చర్చిలు చాలా వరకు కెనడా బాప్టిస్టులు కట్టినవి. సోంపేటలో వాళ్ల కంటి ఆసుపత్రి ఉంది. గోడల మీద యేసు ఫొటోలు చూస్తే జుట్టు బంగారం రంగు. ఏమని చెప్పను? ఆ రాత్రి నుంచి నాకు పాయింట్లు కావాలి. అందుకే ఈ బగ్ దొరకగానే ఎగిరి గంతేశాను. యేసు యూదుడు. తల్లి పేరు మిర్యామ్. ఎనిమిదో రోజున సున్నతి అయింది, విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లాడు, పస్కా ఆచరించాడు. పన్నెండు మంది శిష్యులూ యూదులే, పౌలూ యూదుడే. ఐరోపా కాదు బాబూ, ఆసియా! రూమ్మేట్‌కి ఇదంతా చెప్పాను. వాడు విని, "సరే, అయితే అది కూడా నీది కాదు కదా" అని లైటార్పేశాడు.

వాడు నిద్రపోయాడు. నేను పోలేదు.

తరవాత రెండు వారాలు యూట్యూబ్. పొట్టేలు కొమ్ము బూర ఊదేవాళ్లు, కుచ్చుల శాలువా కప్పుకుని ప్రార్థన చేసే పాస్టర్లు, మూలాలకు తిరిగి రండి అని పిలిచేవాళ్లు. వాళ్లలో చాలామంది యూదులు కారు. నేను కూడా యూత్ మీటింగ్‌లో పస్కా భోజనం పెడదామని ప్లాన్ వేశాను. పులియని రొట్టె బదులు చపాతీ, చేదు కూర బదులు కాకరకాయ. మామ్మకి పులియని రొట్టె గురించి నేను చెప్పక్కర్లేదు. రాత్రి రుబ్బిన దోసెల పిండికీ, అప్పుడే కలిపిన పిండికీ తేడా తెలిసిన మనిషి. "తొందర్లో ఎల్లిపోయినోళ్లకి పిండి పులిసేదాకా టైమెక్కడిదిరా" అంది. కథంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కానీ చదువుతూ ఉంటే ప్లాన్ కరిగిపోయింది. ఇప్పుడు యూదుల ఇళ్లలో జరిగే పస్కా భోజనం వరస చాలా వరకు, రోమన్లు 70లో యెరూషలేము దేవాలయం పడగొట్టిన తరవాత స్థిరపడింది. గుడి పోయింది, బలులు పోయాయి, ఇంట్లో భోజనం బల్ల దగ్గర ఏం మిగుల్చుకోగలం అని వాళ్లు కట్టుకున్న పద్ధతి. దాన్ని నేను యేసు కాలంది అని చెప్పి, కాకరకాయ ముక్కలతో పవర్‌పాయింట్ చేసి చూపించబోయాను. మనం సాధారణంగా అనుకునేది యూదు మతం పాత వెర్షన్, క్రైస్తవం కొత్త వెర్షన్ అని. గిట్ తెలిసినవాళ్లకి చెబితే ఈజీగా అర్థమవుతుంది. అది ఆగిపోయిన రిపో కాదు. గుడి కూలాక రెండు బ్రాంచీలూ ముందుకే నడిచాయి. వాళ్ల కమిట్లు ఈ రోజుకీ పడుతున్నాయి.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని ఒక చిన్న సమూహం ఉంది. మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు బాప్టిస్టులు. మేము ఇశ్రాయేలు పోయిన గోత్రాల్లో ఎఫ్రాయిమ్ సంతతి అని వాళ్ల నమ్మకం. 1990ల మొదట్లో సొంత ప్రార్థనా మందిరం పెట్టుకుని, విశ్రాంతి దినం, పస్కా పాటిస్తూ హీబ్రూ నేర్చుకుంటున్నారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ల మధ్య ఉండి 2013లో ఒక పుస్తకం రాశారు. తెలుగు మాట్లాడే యూదులు! నేను మొదట నవ్వాను. తరవాత నవ్వు రాలేదు. మీరెవరో మీకు తెలియదు, మీకు చరిత్ర లేదు అని తరతరాలుగా అనిపించుకున్నవాళ్లు ఒక పుస్తకం తెరిచి, ఇదిగో మా పేరు ఇక్కడుంది అంటున్నారు. రూమ్మేట్ మాటకి రాత్రంతా మేలుకున్నవాడికి ఆ ఆకలి తెలియకుండా ఉంటుందా? వాళ్లు మేమే ఆ వేరు అన్నారు. నేను ఆ మాట అనలేను. అయితే నేనేంటి?

ఇలాంటి ప్రశ్నలున్నవాడు నోరు మూసుకుని ఉండాలి. నేను ఉండలేదు.

మామ్మ ప్రతి ప్రార్థనలో పది సార్లు యెహోవా అంటుంది. ఒక సాయంత్రం నేను లాప్‌టాప్ తెచ్చి చూపించాను. హీబ్రూలో దేవుడి పేరుకి నాలుగు హల్లులు. యూదులు ఆ పేరు పలకరు. చదువుతుంటే అది వచ్చిన చోట ప్రభువు అనే అర్థంలో ఆదోనాయ్ అంటారు. అలా చదవాలని గుర్తుండటానికి, ఆ నాలుగు హల్లులకి ఆదోనాయ్ అచ్చుల గుర్తులు తగిలించారు. తరవాత ఎప్పుడో ఐరోపావాళ్లు రెండూ కలిపి చదివేశారు. అలా పుట్టింది మనం పలికే పేరు. "కాబట్టి మామ్మా, నువ్వనే పేరు అసలు పేరే కాదు" అన్నాను. ఎంత తెలివిగా చెప్పానో అని నాకు నేనే మురిసిపోతూ.

మామ్మ పుస్తకం మూసింది. కళ్లజోడు తీసి దాని మీద పెట్టింది. ఏమీ అనలేదు. రెండు రోజులు నాతో అన్నం తిన్నావా అని తప్ప మాట్లాడలేదు.

మా మామ్మ పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. ఆ తరవాత పదేళ్లు వాళ్ల అన్నయ్య గుమ్మం తొక్కనివ్వలేదు. పురుడికి కూడా పుట్టింటికి పిలవలేదు. తను అక్షరాలు నేర్చుకున్నదే ఆ పుస్తకం చదవడానికి. ఆ పేరు పట్టుకుని ఇంత దూరం వచ్చిన మనిషికి, మనవడు లాప్‌టాప్ తెచ్చి ఆ పేరు టైపింగ్ మిస్టేక్ అన్నాడు. ఇది నాకు ఆ సాయంత్రం తట్టలేదు. అమ్మ వంటింట్లోకి పిలిచి చీవాట్లు పెడితే తెలిసింది.

మూడో రోజు మామ్మని పింఛను పని మీద సచివాలయానికి తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి "భర్త పేరు?" అంది. మామ్మ నా వైపు చూసింది. నేను చెప్పాను. ఎప్పుడూ అంతే. మామ్మ తాత పేరు పలకదు. మీ తాత అంటుంది, మీ నాన్నోళ్ల నాన్న అంటుంది, ఇదిగో అంటుంది. బండి మీద తిరిగి వస్తుంటే నాకు వెలిగింది. "మామ్మా, వాళ్లు దేవుడి పేరు పలకకపోవడం నువ్వు తాత పేరు పలకకపోవడం లాంటిదే" అన్నాను. గాలికి వినబడిందో లేదో అనుకున్నాను. ఇంటి దగ్గర దిగాక అంది: "ఆ మాట ముందల సెప్పొచ్చు కదరా. తప్పు అనీసినావు."

నిజమే. అది తప్పొప్పుల సంగతి కాదు. పలకడంలో ఒక ప్రేమ ఉంది, పలకకపోవడంలో ఇంకో ప్రేమ ఉంది. ఈ చిన్న విషయం నాకంటే మామ్మకే ముందు అర్థమైంది. యూదులు మామూలు మాటల్లో దేవుడిని హషేమ్ అంటారట, ఆ పేరు అని. మామ్మ తాతని ఇదిగో అన్నట్టు.

తాత గురించి చెప్పాలి. తాత చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వస్తాడు. మిగతా ఆదివారాలు మొక్కలతో ఉంటాడు. నలభై ఏళ్లు నర్సరీల్లో అంట్లు కట్టిన చెయ్యి. మామిడి, జీడిమామిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడుకోబెట్టేసినప్పుడు నాకు పన్నెండేళ్లు. చర్చి రేకులు ఎగిరి చెరువులో పడ్డాయి. తెల్లారి ఊరంతా ఏడుస్తుంటే తాత పడిపోయిన చెట్ల మధ్య తిరుగుతూ, ఏ కొమ్మలో ఇంకా పచ్చిదనం ఉందో గోరుతో గీకి చూస్తున్నాడు.

పౌలు రోమా సంఘానికి రాసిన లేఖ 11వ అధ్యాయంలో ఒలీవ చెట్టు మాట ఉంది. ఇశ్రాయేలు మంచి ఒలీవ చెట్టు. యూదులు కాని మీరు అడవి ఒలీవ కొమ్మలు, తెచ్చి దానికి అంటు కట్టారు, వేరు మిమ్మల్ని మోస్తోంది గాని మీరు వేరుని మొయ్యట్లేదు, గర్వపడొద్దు అని దాని సారం. నా ప్రశ్నకి జవాబు ఇందులో ఉందనిపించి తాతకి చెప్పాను. తాత అప్పుడు జీడి అంట్లు కడుతున్నాడు.

"ఏటీ, అడివి కొమ్మ తెచ్చి మంచి సెట్టుకి కట్టినారా?" అన్నాడు.

"అవును."

"ఎవుడైనా అలగ కడతాడేటిరా గుంటడా! పౌలు తోటపని ఎరగనోడు."

తాత చెప్పింది నేను కూడా చూసిందే. టెంక నుంచి మొలిచిన నాటు మొక్కని అడుగుకి తీసుకుంటారు. దానికి బలం ఎక్కువ, వేరు లోతు. తల కోసేసి, మొదలు మధ్యకి చీలుస్తారు. మంచి చెట్టు నుంచి, అంటే సువర్ణరేఖో బంగినపల్లో, పెన్సిలు మందం కొమ్మ తెచ్చి, కింద రెండు వైపులా మేకులాగా చెక్కి, ఆ చీలికలో దూర్చి ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతారు. రెంటి పచ్చి పొరా కలిసిందా, చిగురేస్తుంది. మంచి కొమ్మ, నాటు వేరు. పౌలు చెప్పింది తలకిందులు. నేను ఫోన్ తీసి మళ్లీ చదివాను. కింద వచనాల్లో ఆయనే ఒప్పుకున్నాడు, ఇది స్వభావానికి విరుద్ధంగా కట్టిన అంటు అని. తాతకి చదివి వినిపించాను.

"అయితే తెలిసే రాసినాడన్న మాట" అన్నాడు తాత. కాస్త మర్యాద పెరిగింది గొంతులో.

తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను లేవబోతుంటే ఒక పాత అంటు మొక్క దగ్గరికి పిలిచాడు. అంటు కట్టిన చోటుకి కింద, నాటు మొదలు నుంచి రెండు చిగుళ్లు వచ్చాయి. గోరుతో టక్‌మని తుంచేశాడు. "ఈ అడుగు సిగురు ఉంచితే పై కొమ్మని తినేస్తది. అందుకని తుంచేస్తాం. కానీ సూడు, ఆ ఏరుకి సొంత సిగురు అదే. మనం కట్టింది పరాయిది." మళ్లీ పని చేసుకుంటూ, నన్ను చూడకుండా అడిగాడు: "మరి ఆ ఒలీవ సెట్టుకి ఏటి సేసినారు? అడుగు సిగురు?"

నేను జవాబు చెప్పలేదు. జవాబు తెలుసు కనక.

తిత్లీ తరవాత వచ్చిన గుడ్ ఫ్రైడేకి, టార్పాలిన్ కింద మా సండే స్కూల్ వాళ్లం నాటకం వేశాం. నేను గుంపులో ఒకణ్ని. నెత్తికి తువ్వాలు, కాటుకతో గడ్డం. సిలువ వెయ్యి అని అరవాలి. రిహార్సల్లో మాకు నేర్పిన అన్నయ్య "ఇంకా కోపంగా అరవండ్రా, మీరు యూదులు!" అనేవాడు. అరిచాం. ఆ ఏడాది నాకు బెస్ట్ యాక్టర్ టిఫిన్ బాక్స్ వచ్చింది. యేసు, ఆయన తల్లి, దూరంగా నిలబడి ఏడ్చిన ఆడవాళ్లు, వాళ్లూ యూదులేనని ఎవరూ అనలేదు. తీర్పు చెప్పినవాడు రోమా గవర్నరు, మేకులు కొట్టినవాళ్లు రోమా సైనికులు. వాళ్లకి మాత్రం అట్ట కిరీటాలు, మెరుపు కాగితం, మంచి డైలాగులు.

మాది పిల్లల నాటకమే. మా ఊళ్లో కొట్టడానికి యూదులు లేరు. మన దేశంలో ఆ కోపం పెద్దగా లేదు కూడా, కొచ్చిలో 1568లో కట్టిన వాళ్ల మందిరం ఇప్పటికీ ఉంది. కానీ ఐరోపాలో ఇదే కథ చెప్పుకుని, ఇదే పవిత్ర వారంలో, యూదుల ఇళ్ల మీద రాళ్లు వేసిన శతాబ్దాలు ఉన్నాయి. నాజీలు 60 లక్షల మందిని చంపారు. చంపింది ఆ ఒక్క కారణానికే అనను, కానీ నేల అంతకు ముందే దున్ని ఉంది. యేసు మరణానికి యూదులందరి మీదా నేరం మోపకూడదని కాథలిక్ సభ అధికారికంగా ప్రకటించింది 1965లో. అడుగు చిగురు తుంచడం అంటే ఇదే.

ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకి నాకు నాలుగో మాట ఇచ్చారు. తెలియనివాళ్ల కోసం: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. నాలుగోది, నన్నెందుకు విడిచిపెట్టావని దేవుణ్ని అడిగే మాట. తెలుగు బైబిల్లో కూడా ఆ కేక ఆయన భాషలోనే అచ్చు వేసి, పక్కన అర్థం రాస్తారు. అది 22వ కీర్తన మొదలు. నా ప్రోగ్రాం తప్పిన కీర్తన. హీబ్రూ లెక్కలో అది రెండో వచనం. ఒకటో వచనంలో ఏముందంటే, తెల్లవారుజాము లేడి అనే వరస మీద పాడాలని గాయకుడికి సూచన. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసినట్టే. శ్రీకాకుళం ప్రాంతంవాడే పురుషోత్తమ చౌదరి గారు, అంత పాత కాలంలోనే మన రాగాల్లో కీర్తనలు కట్టాడు. తాత అన్నట్టు, వేరు ఏదైనా కాయ కొమ్మదే.

పది నిమిషాలు ఇచ్చారు. కాళ్లు వణుకుతున్నాయి. రాసుకున్న కాగితం చూడకుండా ఇంత మాత్రం చెప్పాను. ఆ నొప్పిలో ఆయన కొత్త మాట వెతుక్కోలేదు, చిన్నప్పుడు ఇంట్లో, సమాజమందిరంలో నేర్చుకున్న కీర్తన నోటికి వచ్చింది. నొప్పి వస్తే మనం అమ్మా అంటాం గాని, మమ్మీ అనం కదా, అలాగ. ఆయన చనిపోయింది యూదుడిగా, యూదుల పాట నోట్లో ఉండగా. ఇక్కడే ఒకప్పుడు నేను నెత్తికి తువ్వాలు కట్టుకుని యూదుల కోపం నటించాను, బహుమతి కూడా తీసుకున్నాను. ఇక మీదట ఆ డైలాగ్ మన పిల్లలతో అనిపించవద్దు అని అడిగాను.

ఆమేన్‌లు పెద్దగా వినబడలేదు. ఫ్యాన్ల చప్పుడు వినబడింది. అయిదో మాట ఆయన లేచాడు.

సభ అయ్యాక ఒక పెద్దాయన నా భుజం పట్టుకుని, "బాబూ, బాగా చదువుకున్నావు. కానీ మనం మళ్లీ ధర్మశాస్త్రం కిందకి వెళ్లిపోవాలంటావా? నువ్వేమైనా ఆ మతంలోకి..." అని ఆగాడు. కాదండీ అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. నాటకం నేర్పిన అన్నయ్య చెప్పులు వేసుకుంటూ నా వైపు చూశాడు, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆయనకి నా మీద కోపమో, మరింకేమిటో ఇప్పటికీ తెలియదు. క్రిస్మస్‌కి ఊరెళితే మాట్లాడాలి.

మామ్మ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. మళ్లీ రెండు రోజుల మౌనమేమో అనుకున్నాను. ఈస్టర్ తెల్లవారి వంటింటి గుమ్మంలో కూర్చుని తన పెద్దక్షరాల బైబిల్ తెరిచింది. 119వ కీర్తన. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 ముక్కలు, ఒక్కో ముక్క పైన ఆలెఫ్, బేత్, గీమెల్ అని తెలుగులో రాసి ఉంటుంది. ఏటివి అని చిన్నప్పుడు నేనే అడిగితే, "పరిశుద్ధమైన మాటలు, అలగే చదువు" అనేది.

"ఇయి ఆళ్ల అచ్చరాలే కదరా?" అంది.

"అవును మామ్మా. మన అ ఆ ఇ ఈ లాగ. ఒక్కో అక్షరంతో ఎనిమిది వచనాలు మొదలవుతాయి."

పెన్సిల్ ఇచ్చింది. "ఇక్కడ రాయి, పక్కన. పెద్దదిగా."

రాశాను. ఆలెఫ్. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఈ అక్షరం మొదట ఎద్దు తల బొమ్మ నుంచి వచ్చిందని చెబుదామనుకున్నాను. నా అలవాటు తెలుసు కదా. ఈసారి ఆగాను.

"నాగలి లాగుంది" అంది.

నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని దాని కింద తనూ ఒకటి గీసింది, వంకరగా. కుడి నుంచి ఎడమకి రాయాలి అంటే నవ్వింది. బేత్ అయింది. గీమెల్ దగ్గర కుక్కర్ మూడో విజిల్ వేసింది. పెన్సిల్ పేజీలో పెట్టి, మూసి, లేచి వెళ్లింది.